మూడో పేరు

ఆ సోమవారం గ్రెన్‌థార్ప్ హైస్కూలు పిల్లలందరూ రెండు కాళ్ళకీ రెండు రకాల మేజోళ్ళు వేసుకొచ్చారు. ఏటా నవంబరులో ఈ తంతు ఉంటుంది. ఒక్కొక్కరు ఒక్కో రకంగా ఉంటారని, అంతమాత్రాన ఒకరినొకరు ఏడిపించుకోకూడదని చెప్పడానికి అది గుర్తట. హెడ్మాస్టరు పికర్స్‌గిల్ ఒక కాలికి పచ్చటిది, ఇంకో కాలికి బాతుబొమ్మలున్నది తొడుక్కుని, ప్యాంటు పైకి లాగి మరీ చూపిస్తూ వరండాల్లో తిరిగాడు. మేజోళ్ళు మార్చినంత తేలిగ్గా బుద్ధులు మారేటట్టయితే మా ఊరు ఈపాటికి స్వర్గం అయిపోయుండేది.

లొరేన్ అక్రాయిడ్‌కి ఆ మేజోళ్ళు చూసి మురిసే తీరిక లేదు. ఆ బడి భోజనాల హాల్లో ఆమెది పద్నాలుగేళ్ళ కొలువు. బెల్లు కొట్టగానే నూట ఎనభై మంది ఒక్కసారి మీద పడతారు. ఒక జట్టు లేచీ లేవకముందే ఇంకో జట్టు కూర్చోవాలి. ఆ మధ్యలో దొరికే నాలుగు నిమిషాల్లో బల్లలన్నిటి మీదా తుడిచే మందు చల్లాలి, నీలం గుడ్డ అటునుంచి ఇటు ఒక్క ఊపున లాగాలి, బీన్సూ రొట్టె తునకలూ ఒడుపుగా అరచేతిలోకి తోసుకుని బకెట్లో పడెయ్యాలి. ఆమె చెయ్యి తన పని తాను చేసుకుపోతూ ఉంటుంది. కళ్ళు మాత్రం హాలంతా తిరుగుతుంటాయి.

ఆ కళ్ళకి సెప్టెంబరు నుంచీ బ్రయొనీ మల్లిన్ కనబడుతోంది. ఎనిమిదో తరగతి పిల్ల. సన్నగా, నోట్లో నాలుక లేనట్టు ఉంటుంది. వాళ్ళమ్మ వంతెన దగ్గర చేపల వేపుడు కొట్టు నడుపుతుంది. ఇల్లు ఆ కొట్టు మీదే. ఎన్నిసార్లు ఉతికినా నూనె వాసన బట్టల్ని వదలదు. బ్రయొనీ ట్రే పట్టుకొచ్చి కూర్చోగానే ఆ బల్ల దగ్గరున్న వాళ్ళు ముక్కులు మూసుకుని లేచిపోతారు. అడిగితే, "మాది తినడం అయిపోయింది మిస్" అంటారు. తినడం అయిపోయినవాళ్ళు లేవకూడదని ఏ రూల్లో ఉంది గనక?

ఆ రోజు పన్నెండూ నలభైకి, ఎంగిలి ట్రేలు పెట్టే కిటికీ పక్కన, స్తంభం చాటున, ఇద్దరు పిల్లలు బ్రయొనీని గోడకి ఆనించి నిలబెట్టారు. టియానా ఆమె జడ పట్టుకుని తల వెనక్కి వంచింది. ఫ్రేయా ఒక చిన్న వెనిగర్ ప్యాకెట్టు ఆమె నుదుటి మీద పిండుతోంది.

"కదలకే. చేపకి వెనిగర్ పడకపోతే ఎవరు తింటారు?"

మూడో పిల్ల కొంచెం పక్కగా నిలబడి, ప్యాకెట్ల చివర్లు పళ్ళతో కొరికి, ఒక్కొక్కటీ ఫ్రేయా చేతికి అందిస్తోంది. ఆ పిల్ల కోటు మీద పసుపు బ్యాడ్జీ ఉంది. బడుల్ని చూసే జిల్లా కౌన్సిల్ వాళ్ళు ప్రతి బడికీ ఆరుగురు స్నేహదూతల్ని పెట్టించారు. ఎవరైనా ఒంటరిగా కనిపిస్తే వెళ్ళి పక్కన కూర్చోవడం వాళ్ళ పని. పసుపు బ్యాడ్జీ వాళ్ళదే. ఈ స్నేహదూత పేరు లెక్సీ. లొరేన్ కూతురి కూతురు.

లొరేన్ చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఎన్ని క్షణాలు అలా ఆగిందో ఆమెకే తెలీదు. తర్వాత బకెట్టు కింద పెట్టి, "ఏయ్!" అని అరుస్తూ బల్లల మధ్య నుంచి అడ్డంగా నడిచింది. ఆమె వెళ్ళేసరికి స్తంభం దగ్గర బ్రయొనీ ఒక్కతే ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుని, పెదాలు నవ్వుతున్నట్టు సాగదీసి నిలబడి ఉంది. భయం వేసినప్పుడు కొందరు పిల్లలు అలా నవ్వుతారు. పద్నాలుగేళ్ళలో లొరేన్ ఆ నవ్వు చాలాసార్లు చూసింది.

"కళ్ళు తెరవకు తల్లీ. మంట పుడుతుంది." వంటింట్లోకి తీసుకెళ్ళి, కుళాయి కింద తల వంచి, చేత్తో నీళ్ళు పోసి కడిగింది. కాగితం తువ్వాళ్ళు ఆరు పట్టాయి.

"పర్లేదు మిస్," అంది బ్రయొనీ. "ఇంకేం లేదు మిస్."

అంట్లగది తలుపు వెనక మేకుకి నీలం కార్డుల పుస్తకం వేలాడుతోంది. అక్టోబరులో కౌన్సిల్ నుంచి జానిస్ లమ్ అనే ఆవిడ వచ్చి, వంటవాళ్ళనీ ఊడ్చేవాళ్ళనీ కూర్చోబెట్టి గంటసేపు చెప్పి, ఆ పుస్తకం తగిలించి వెళ్ళింది. పిల్లల్ని ఏడిపించడం ఎవరి కంటపడినా సరే, కార్డు రాయచ్చు. చూసింది చూసినట్టు రాయాలి. ఎవరెవరు ఉన్నారో అందరి పేర్లూ రాయాలి. ఒక ప్రతి హెడ్మాస్టరుకి, ఒక ప్రతి నేరుగా కౌన్సిల్‌కి వెళుతుంది. కార్డు వెళ్ళిన ఐదు రోజుల్లో ఏదో ఒకటి చేసి తీరాలి. ఆరువారాలైనా ఆ పుస్తకంలో ఒక్క కాగితం చిరగలేదు.

లొరేన్ తడిచేతులు ఏప్రన్‌కి తుడుచుకుని పెన్ను తీసుకుంది. టియానా పేరు రాసింది. ఫ్రేయా పేరు రాసింది. మూడో గీత మీద పెన్ను ఆనించింది. గీత మీద చిన్న సిరా చుక్క పడింది. అలాగే ఉంచి కిందికి దిగి, ఏం చూశారు అన్నచోట "ఇద్దరు ఆడపిల్లలు" అని మొదలుపెట్టింది.

"ఏం రాస్తున్నావు? ప్రేమలేఖా?" అంది ట్రేలు కడుగుతున్న షాహీన్. ఇద్దరూ ఎనిమిదేళ్ళుగా పక్కపక్కన పనిచేస్తున్నారు.

"కార్డు."

షాహీన్ చేతులు ఆగాయి. "నిజంగా? అయితే నువ్వు గొప్పదానివే. నేనైతే పుస్తకం చూస్తేనే భయపడి చస్తాను."

ఆ మాటకి సంతోషించాల్సింది. లొరేన్ మొహం తిప్పుకుని కార్డు చించింది.

లెక్సీ తల్లి గోడౌన్లో పనిచేస్తుంది. ఆమె వచ్చేదాకా లెక్సీ బడి నుంచి అమ్మమ్మ ఇంటికే వస్తుంది. శుక్రవారం నుంచి సోమవారం దాకా అక్కడే పడక కూడాను. ఆ సాయంత్రం కోటు సోఫా మీద పడేసి, బూట్లు విప్పకుండానే ఫోను పట్టుకుని కూర్చుంది.

లొరేన్ ఆ కోటు తీసి కొక్కేనికి తగిలించబోయింది. జేబులో ఏదో చేతికి తగిలింది. తీసి చూస్తే రెండు వెనిగర్ ప్యాకెట్లు.

వాటిని చూడగానే ఆమెకి ఒక సంగతి తట్టింది. బడిలో శుక్రవారం చేపలు. వెనిగర్ ప్యాకెట్లు బయటపెట్టేది ఆ ఒక్క రోజే. మిగతా నాలుగు రోజులూ ఆ పెట్టె స్టోర్లో తాళంలో ఉంటుంది. తాళం లొరేన్ దగ్గరే. అంటే ఇవి శుక్రవారం తీసి దాచినవి. శని, ఆదివారాలు ఈ ఇంట్లో, ఈ కొక్కేనికే వేలాడాయి. ఆదివారం మధ్యాహ్నం తను వేడివేడి పుడ్డింగు వడ్డిస్తుంటే పిల్ల "ఇంకొంచెం అమ్మమ్మా" అని అడిగింది. అప్పుడూ ఇక్కడే ఉన్నాయి.

ప్యాకెట్లు చెత్తబుట్టలో వేసి, పైన బంగాళాదుంప తొక్కలు కప్పింది.

బీన్సూ రొట్టే ముందు పెట్టాక లెక్సీ తల ఎత్తింది.

"టియానా మీద కార్డు రాశావంట?"

"రాశాను."

"ఇంకా ఎవరి మీద?"

"ఫ్రేయా."

లెక్సీ ఫోర్కుతో బీన్సుని పక్కకి తోసింది. అమ్మమ్మ కళ్ళలోకి చూసింది. అమ్మమ్మ కూడా చూసింది. ఇద్దరిలో ఎవరో ఒకరు అప్పుడు ఒక్క మాట అని ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు.

"ఆ పిల్ల జోలికి వెళ్ళొద్దని నీ స్నేహితులకి చెప్పు," అంది లొరేన్.

"సరే," అంది లెక్సీ. తర్వాత చక్కగా తింది.

నీలం కార్డు నిజంగానే పనిచేసింది. బుధవారం పొద్దున్నే జానిస్ లమ్ తన చిన్న పాతకారులో దిగింది. యాభై దాటిన మనిషి, ఎప్పుడూ పరిగెత్తుతున్నట్టే ఉంటుంది. కౌన్సిల్లో ఈ కార్డులు చూసే గదిలో ఒకప్పుడు ఆరుగురు ఉండేవారు. ఇప్పుడు జిల్లాలోని అరవై మూడు బడులకీ ఆవిడ ఒక్కతే. నేరుగా వంటింట్లోకి వచ్చి లొరేన్ చెయ్యి రెండు చేతులతోనూ పట్టుకుంది.

"ఈ బడి నుంచి ఇదే మొదటి కార్డు. మూడేళ్ళుగా నాకు సున్నాలే పంపుతున్నారు. ఎనిమిది వందల మంది పిల్లలున్న చోట సున్నా ఏమిటండీ? మీలాంటివాళ్ళు బడికొకరుంటే చాలు నాకు."

లొరేన్ చెయ్యి లాక్కుంది. "చెయ్యి తడిగా ఉందండీ," అంది.

పికర్స్‌గిల్ మాత్రం మొహం మాడ్చుకున్నాడు. శుక్రవారం ఆ బడికి కౌన్సిల్ వాళ్ళ షీల్డు రావాల్సి ఉంది. మూడేళ్ళలో ఏడిపింపు కేసు ఒక్కటి కూడా రుజువు కాని బడికి ఇచ్చే షీల్డు అది. కౌన్సిలరు వస్తాడు, పేపరువాళ్ళు వస్తారు. ఆయన బాధ ఆయనది.

"పిల్లల అల్లరి మిసెస్ అక్రాయిడ్," అన్నాడు వరండాలో ఎదురైనప్పుడు. "స్నేహాల్లో వచ్చే చిన్న చిన్న పొరపొచ్చాలు. నాతో ఒక మాట చెప్పి ఉంటే సరిపోయేది."

"కళ్ళల్లో వెనిగర్ పోశారండీ."

"పోశారో, పడిందో. రేపు తేలుద్దాం."

గురువారం పది గంటలకి హెడ్మాస్టరు గదిలో కుర్చీలు గుండ్రంగా వేశారు. మధ్యలో బల్ల లేదు. అది జానిస్ పద్ధతి. చేతిలో ఒక ఊలు బంతి పెట్టుకొచ్చింది. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి, మిగతావాళ్ళు వినాలి. టియానా వాళ్ళ నాన్న డీన్ లారీ ఆపుకుని వచ్చాడు. ఫ్రేయా తల్లి కార్లీ జుట్టు కత్తిరించే కొట్టుకి తాళం వేసి వచ్చింది. బ్రయొనీ, వాళ్ళమ్మ షోనా కిటికీ వైపు కూర్చున్నారు. షోనా ఏప్రన్ విప్పి చేతిలో మడతపెట్టుకుంది. కొట్లో పిండి కలిపి వచ్చినట్టుంది, మణికట్టు దగ్గర తెల్లగా ఉంది.

బంతి ముందు టియానా చేతికి వచ్చింది.

"అందరం ఆడుకున్నాం. అదీ నవ్వింది. అయినా మేమిద్దరమే ఎందుకు? మేం ముగ్గురం ఉన్నాం. లెక్సీ కూడా ఉంది."

లెక్సీ ఎవరి మనవరాలో ఎవరైనా అంటారేమోనని లొరేన్ తన మోకాళ్ళ వైపు చూసుకుంది. ఎవరూ అనలేదు.

"కార్డులో ఇద్దరే ఉన్నారు," అన్నాడు పికర్స్‌గిల్. బంతి తన చేతిలో లేదని జానిస్ చూపు గుర్తుచేసినా ఆయన ఆగలేదు. "లెక్సీ స్నేహదూత. తప్పు తోసెయ్యడానికి మంచి పేరే దొరికింది."

"అయితే ఇది చూడండి," అంది కార్లీ. ఫోను తీసి అందరి ముందూ తిప్పింది. ఎవరో పిల్లవాడు హాలు అవతలి నుంచి తీసిన వీడియో, ఆరు సెకన్లు. స్తంభం, దాని పక్కన బ్రయొనీ మొహం. చుట్టూ మూడు వీపులు. మూడో వీపు ఎవరిదో గుర్తుపట్టడానికి లేదు. బ్రయొనీ పెదాలు సాగి ఉన్నాయి.

"నవ్వుతోందా లేదా? ఇది ఆటే. ఇంకో సంగతి, ఎంతమంది ఉన్నారు? లెక్కపెట్టండి. ముగ్గురు. ఈవిడ ఇద్దరని రాసింది. దగ్గరుండి చూశానంటున్న మనిషికి ముగ్గురు కనిపించకపోతే ఇంక ఏం చూసినట్టు?"

"లొరేన్," అన్నాడు డీన్. ఇద్దరూ ఒకే వీధిలో పెరిగారు. "నువ్వు చెడ్డదానివని నేననను. కానీ ఆ సందట్లో నీకు సరిగ్గా కనబడలేదు. అంతే."

బంతి బ్రయొనీ చేతికి వెళ్ళింది. ఆ పిల్ల దాన్ని పట్టుకుని, ఊడిన ఊలుపోగు ఒకటి వేలికి చుట్టుకుంది.

"బ్రయొనీ, ఎంతమంది తల్లీ?" అని అడిగింది జానిస్.

బ్రయొనీ తల ఎత్తి లొరేన్‌ని చూసింది. చాలాసేపు చూసింది.

"ఇద్దరు," అంది. "మిస్ రాసిందే నిజం."

కార్లీ నవ్వింది. ఫోను మళ్ళీ అందరికీ చూపించింది.

బంతి లొరేన్ దగ్గరికి వచ్చింది. చిన్న బంతి, దాంట్లో బరువేం లేదు. ఆటే అయితే ఆ ప్యాకెట్లు శుక్రవారం నుంచి ఎందుకు దాచుకున్నారు అని ఆమె అడగచ్చు. సోమవారం హాల్లో వెనిగర్ ఉండదన్న సంగతి ఆ గదిలోని పెద్దవాళ్ళలో ఆమె ఒక్కదానికే తెలుసు. ఆ ఒక్క మాటతో ఆట అన్న మాట అక్కడే చచ్చేది. కానీ ఆ వెంటనే ఎవరు దాచారు అని అడుగుతారు. మూడు వీపుల్లో మూడోది ఎవరిదని అడుగుతారు. లొరేన్ నోరు తెరిచింది.

"నేను రాసిందే," అంది. బంతి పక్కవాళ్ళకి ఇచ్చేసింది.

మాటలు కలవనప్పుడు "రుజువు కాలేదు" అని రాయాలి. అది కౌన్సిల్ రూలు. జానిస్ తలవంచుకుని ఆ రెండు మాటలూ రాసింది. రాస్తున్నంతసేపూ పికర్స్‌గిల్ మొహం తేటబడుతూ వచ్చింది.

రుజువు కాకపోయినా ఏడ్చిన పిల్లకి ఏదో ఒక సాయం చెయ్యాలి కదా. ఆ సాయానికి కౌన్సిల్ కాగితాల్లో కొత్త ఆరంభం అని పేరు. అంటే ఇంకో బడిలో చోటు, రాకపోకలకి టాక్సీ. స్కెల్‌బీలో ఒక ఖాళీ ఉంది, పద్నాలుగు మైళ్ళు. షోనా ఏప్రన్ మడత విప్పి, మళ్ళీ మడిచింది.

"మాకు ఇక్కడ ఇంక వద్దులెండి," అంది. "దాన్ని అబద్ధాలకోరు అనిపించుకుంటూ రోజూ ఇక్కడికి పంపలేను."

కొట్టినవాళ్ళు ఉన్నచోటే ఉన్నారు. దెబ్బలు తిన్న పిల్ల ఊరు దాటి పోవాలి. దీన్ని సాయం అని ఎవరు పేరు పెట్టారోగాని వాళ్ళకి దండం పెట్టాలి.

శుక్రవారం షీల్డు వచ్చింది. కౌన్సిలరు పిల్లలకి మైకులో మంచి మాటలు చెప్పాడు. ఆరుగురు స్నేహదూతలు వేదికెక్కి నిలబడ్డారు. లెక్సీ చివర్న ఉంది. ఫొటో తీసేవాడు "కొంచెం నవ్వండి" అంటే నవ్వింది. లొరేన్ హాలు వెనక తలుపు దగ్గర నిలబడి చూసి, చేపలు వడ్డించే వేళయిందని వెళ్ళిపోయింది.

జానిస్ వెనకే వంటింట్లోకి వచ్చింది. కోటు గుండీలు పెట్టుకుంటూ నిలబడింది.

"చేతులారా ఇచ్చాను షీల్డు," అంది. "ఈ ఉద్యోగంలో ఇరవై రెండేళ్ళు. బడి తప్పు చేస్తే నేను చేయగలిగేది ఏమిటో తెలుసా లొరేన్? టాక్సీ ఇప్పించగలను. అంతే. బడిని మార్చలేను. ఒక్క కేసు రుజువైతే చాలు, ఆ షీల్డు ఆపేసి, ఏడాదిపాటు ఇక్కడ కౌన్సిల్ మనిషినొకర్ని కూర్చోబెట్టే హక్కు నాకుండేది. ఆ కార్డు చూడగానే దొరికింది అనుకున్నాను."

లొరేన్ వెనిగర్ పెట్టె తాళం తీస్తోంది.

"ఆ మూడో పిల్ల లెక్సీయేనా, ఇంకెవరైనానా, మీకు తెలుసా?"

"తెలీదండీ," అంది లొరేన్. తాళంచెవి రంధ్రంలో తిరగలేదు. రెండోసారికి తిరిగింది.

శుక్రవారం సాయంత్రం మా ఊళ్ళో సగం మంది చేపల కొట్టు ముందే ఉంటారు. ఐదున్నరకే వంతెన దాకా వరస. లొరేన్ కూడా నిలబడింది. ఆమెకి చేపలు అక్కర్లేదు. ఎందుకు వచ్చిందో అడిగితే చెప్పలేకపోయేది.

లోపల షోనా నూనె బాణలి దగ్గర ఉంది. కౌంటరు దగ్గర బ్రయొనీ పొట్లాలు కడుతోంది. తెల్లకాగితం పరిచి, వేయించిన బంగాళాదుంపలు పోసి, పైన చేప పెట్టి, నాలుగు మూలలూ చకచకా మడిచేస్తోంది. బడిలో నడుం వంచుకుని తిరిగే పిల్ల ఇక్కడ నిటారుగా నిలబడింది. వచ్చినవాళ్ళని పేరు పెట్టి పలకరిస్తోంది. లొరేన్ వంతు రాగానే ఆ చేతుల వేగం కొంచెం తగ్గింది.

"ఏం కావాలి మిస్?"

"రెండు చేపలు. బంగాళాదుంపలు." తర్వాత గొంతు తగ్గించి అంది, "ఎప్పటి నుంచి కొత్త బడి?"

"సోమవారం. ఏడుంబావుకి టాక్సీ."

"బ్రయొనీ. ఇద్దరని ఎందుకు చెప్పావు?"

ఆ పిల్ల తల్లివైపు ఒకసారి చూసింది. షోనా వీపు ఇటు ఉంది. నూనె చిటపటల్లో ఏదీ వినబడదు.

"మీరు ఇద్దరని రాశారు కదా మిస్. నేను ముగ్గురంటే మీరు అబద్ధం రాశారంటారు. కార్డు చింపేస్తారనుకున్నాను." కాగితం మూల మడిచింది. "మీకు పని పోతుందేమోనని కూడా అనుకున్నాను."

"నాకు కనబడలేదని నువ్వు..."

"కనబడింది మిస్." ఆ మాటలో కోపం లేదు. ఉంటే లొరేన్ భరించగలిగేది. "లెక్సీని మీరు చూశారు. అప్పుడు నేను మిమ్మల్నే చూస్తున్నాను. మీరు వస్తున్నారా లేదా అని."

వెనకనున్న ముసలాయన దగ్గాడు. బ్రయొనీ పొట్లం ముందుకి తోసింది.

"అయినా రాసింది మీరొక్కరే మిస్. ఇంకెవరూ ఏమీ రాయలేదు. థాంక్స్."

లొరేన్ పొట్లం తీసుకుని బయటికి వచ్చింది. వంతెన మీద పిట్టగోడ పట్టుకుని నిలబడింది. ఆమెకి ఏడుపు రాలేదు, సిగ్గు వేసింది. నలభై ఏళ్ళ కింద తల్లి చేత చెంపదెబ్బ తిన్నప్పుడు వేసినంత సిగ్గు. పదమూడేళ్ళ పిల్ల తన కోసం అబద్ధం చెప్పింది. తను ఆ పిల్ల కోసం నిజం చెప్పలేకపోయింది.

ఇంట్లో లెక్సీ ప్లేట్లు పెట్టి ఉంచింది. పొట్లం విప్పి ఒక ముక్క నోట్లో వేసుకుంది.

"ఎక్కడివి? వంతెన దగ్గరివా?"

"బ్రయొనీ కట్టింది."

లెక్సీ నమలడం ఆపింది.

లొరేన్ కోటు విప్పకుండానే ఎదురుగా కూర్చుంది. కొట్లో బ్రయొనీ అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పింది. ఒక్క మాట కలపలేదు, తీసెయ్యలేదు. జేబులో దొరికిన ప్యాకెట్ల సంగతీ చెప్పింది. చెప్పడం అయ్యాక సంచీలోంచి నీలం కార్డు తీసి బల్ల మీద పెట్టింది. మధ్యాహ్నం చించుకొచ్చింది. ఎందుకు చించిందో అప్పటికి ఆమెకే తెలీదు.

"ఇప్పుడెందుకు?" అంది లెక్సీ. గొంతు పైకి లేచింది. "వెళ్ళిపోయిందిగా అది. అయిపోయిందిగా. ఇది ఇస్తే నా బ్యాడ్జీ తీసేస్తారు. టియానావాళ్ళు నన్ను బతకనిస్తారనుకున్నావా? సోమవారం నుంచి నేను బ్రయొనీని అవుతాను. నిన్ను పనిలోంచి తీసేస్తారు. ఇది ఎవరికోసం?"

లొరేన్ పెన్ను మూత తీసింది.

"నువ్వూ ఇద్దరనే రాశావుగా," అంది లెక్సీ. ఈసారి గొంతు చిన్నదైపోయింది. "ఆ రోజు నిన్ను అడిగాను, ఇంకా ఎవరి మీద అని. నువ్వు చెప్పలేదు. నువ్వు రాయలేదు కాబట్టి నేను చేసింది అంత పెద్దది కాదేమో అనుకున్నాను."

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. లొరేన్ పెన్ను పక్కన పెట్టి, లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి పిల్ల పక్కన కూర్చుంది. లెక్సీ భుజం ముందు బిగుసుకుంది, తర్వాత మెత్తబడింది. కాగితంలో చేపలు చల్లారిపోయాయి. ఇద్దరిలో ఎవరూ వాటిని ముట్టుకోలేదు.

కార్డు శనివారం పొద్దున్న వెలుతురులో రాసింది. పేర్ల కోసం ఉన్న నాలుగు గీతల్లో మూడు నిండాయి.

సోమవారం కౌన్సిల్ ఆఫీసు తొమ్మిదిన్నరకి గాని తలుపు తియ్యలేదు. జానిస్ గది మూడో అంతస్తులో, జిరాక్స్ మిషను పక్కన. లొరేన్ వెళ్ళేసరికి ఆవిడ ఫోనులో ఎవరికో సారీ చెబుతోంది. ఫోను పెట్టేసి, కార్డు అందుకుని, కళ్ళద్దాలు సర్దుకుని చదివింది. రెండోసారి చదివింది. తర్వాత అద్దాలు తీసి బల్ల మీద పెట్టి కళ్ళు నలుపుకుంది.

"లెక్సీ అక్రాయిడ్," అంది.

"మా మనవరాలు. తల్లి ఇంటిపేరే."

"గురువారం ఈ ముక్క చెప్పి ఉంటే."

"అవునండీ."

"పొద్దున్న తొమ్మిదికి బ్రయొనీ పేరు గ్రెన్‌థార్ప్ రిజిస్టర్లోంచి కొట్టేశారు. తొమ్మిదీ పదికి ఆ చోటు ఇంకో పిల్లకి వెళ్ళిపోయింది. ఎదురుచూసే జాబితాలో పదకొండు మంది ఉన్నారు. ఇప్పుడు నేను తలకిందులుగా నిలబడ్డా ఆ పిల్లని వెనక్కి తేలేను." జానిస్ కార్డుని వేలితో కొంచెం ఇటు తోసింది. "ఇది తీసుకుంటే మొదట అడిగేది మిమ్మల్నే. తెలిసి తెలిసి తప్పు రాశారని, సభలో అబద్ధం చెప్పారని. షీల్డు వెనక్కి తీసుకునేది ఎప్పుడో, అసలు తీసుకుంటారో లేదో. మీ పని మాత్రం ఈ వారమే పోతుంది. లొరేన్, నేనింకా ముద్ర వెయ్యలేదు. ఇది పట్టుకుని మీరు వెళ్ళిపోతే నేను చూడలేదు."

ఆవిడ మంచి మనసుతోనే అంది. లొరేన్ కార్డుని మళ్ళీ అటు తోసింది.

"నేనూ ఇలాగే మా పిల్లని చూడలేదు," అంది. "వెయ్యండి."

జానిస్ ముద్ర తీసింది. తేదీ తిప్పి, సిరా పట్టించి, కార్డు మీద నొక్కింది.

"లెక్సీకి తెలుసా?"

"బయట కూర్చుంది. పిలవమంటారా?"

జానిస్ తలుపు వైపు చూసింది. లొరేన్ లేచి తలుపు తీసింది. లెక్సీ బడి బట్టల్లో, మొహం కడుక్కున్న తడి ఆరకుండానే లోపలికి వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. జానిస్ తెల్లకాగితం ఒకటి ముందుకి లాక్కుంది.

"నేను ఒక్కటే అడుగుతాను అమ్మాయ్. ఆ రోజు ఎంతమంది ఉన్నారు?"

లెక్సీ అమ్మమ్మ వైపు చూసింది. లొరేన్ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. ఈ ఒక్కసారి పిల్ల తన మొహం చూసి చెప్పకూడదని.

"ముగ్గురం," అంది లెక్సీ.

జానిస్ రాసుకుంది. అప్పటికి పది దాటింది. బ్రయొనీ స్కెల్‌బీ చేరి రెండు గంటలయ్యుంటుంది.